తొమ్మిది కుట్ల గూడబాతు

"చెవులు కనబడాలి. నవ్వకూడదు. గడ్డం ఒక్క వేలు కిందికి. ఆ, కదలొద్దు."

ముప్పై ఏళ్లుగా చలువయ్య బతుకు ఈ నాలుగు మాటల మీదే నడిచింది. శింషా నది ఒడ్డున ఉన్న కొప్పలు నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ సంతపేట వెళ్లి, బస్టాండు ఎదుట తన స్టూడియో తలుపు తీసి, వచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి ఈ నాలుగు మాటలూ అనేవాడు. ఆయన తీసిన పాస్‌పోర్టు సైజు ఫోటో చూసి ఫలానా మనిషి అవునా కాదా అని ఏ ఆఫీసులోనూ ఎవరూ సందేహపడలేదు. ముఖాన మచ్చ ఉంటే ఫోటోలోనూ మచ్చ ఉండాల్సిందే. "కాస్త చెరిపెయ్యన్నా, పెళ్లిచూపులకి పంపాలి" అని ఆడపిల్లలు బతిమాలితే, "మచ్చ చెరిపితే అది నువ్వు కాదు తల్లీ, ఇంకెవరో" అనేవాడు. ఆ మొండితనం పుణ్యమా అని పెళ్లిచూపుల ఫోటోలన్నీ పక్క స్టూడియోకి పోయాయి.

అది పొద్దున పది తర్వాతి చలువయ్య. శివరాత్రి దాటి ఎండ చురుక్కుమనడం మొదలైందంటే, తెల్లవారినప్పటినుంచి పదింటిదాకా ఇంకో చలువయ్య ఉండేవాడు. మెడలో కెమెరా, దానికి మోచేతి పొడుగు లెన్సు, తలకు తడిపిన తువ్వాలు. యాభై మూడేళ్ల మనిషి చెరకు గట్ల వెంట పాకేవాడు, గడ్డివాముల మీద బోర్లా పడుకునేవాడు. కంచె మీద తొండ మెడ ఎర్రబడితే చాలు, ఆయన గుండె దడదడలాడేది. లకుముకి పిట్ట చేపను రాయికేసి కొడుతుంటే ఊపిరి బిగబట్టేవాడు. మోదుగ పూసిందంటే ఆ రోజు స్టూడియోకి ఆలస్యమే. "కాస్త గడ్డం ఎత్తమ్మా" అని పిట్టలను కూడా అడిగేవాడు. పిట్టలకు చెవులు కనబడవన్న ఒక్క దిగులు తప్ప, వేసవిలో అంత సుఖపడిన మనిషి ఆ తాలూకాలో ఇంకొకడు లేడు.

అన్నిటిలోకీ ఆయనకు ప్రాణం గూడబాతులు. అయితే కొప్పల్లో వాటిని పక్షులంటే ఊరుకోరు. చలికాలంలో మొదలుపెట్టి వందల్లో వచ్చి, ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, వానలు పడ్డాక వెళ్లిపోయే ఆ జాతి మొత్తం ఊరికి కూతుళ్లు. పుట్టింటికి పురిటికొచ్చిన కూతుళ్లు. చింతకాయ పాడైనా, రెట్ట పడి పెరడంతా తెల్లబడినా, నీచువాసనకు చుట్టాలు ముక్కు మూసుకుని పారిపోయినా ఎవరూ విసుక్కోరు. పురిటిల్లు శుభ్రంగా ఉండాలంటే ఎట్లా? ఏ చెట్టు మీద దిగితే ఆ ఇంటి కూతురు. "మాకు ఈ ఏడు పదకొండుమందే" అని ఒకావిడ అంటే, "మాకు పదహారుమందమ్మా, ఒక్కదాన్ని ఎంతమందికని చూడను" అని ఇంకొకావిడ మురిపెంగా మూలిగేది.

చలువయ్య ఇంట్లో చింతచెట్టు లేదు. ఒక మునగచెట్టు ఉంది, దాని మీద కాకి కూడా ఆలోచించి వాలుతుంది. పిల్లలూ లేరు. భార్య సాకమ్మ ఊళ్లో అందరికీ రవికెలు కుట్టేది. పురిటికొచ్చిన ఆడపిల్లలకు వదులు రవికెలూ, పుట్టిన బిడ్డలకు మెత్తటి జుబ్బాలూ ఆమె చేతి మీదుగా వెళ్లవలసిందే. వేసవి వచ్చిందంటే చెట్టు మీదా చెట్టు కిందా ఊరంతా పురిటిళ్లే, తమ ఇల్లు ఒక్కటే బోసిగా ఉండేది. సాకమ్మ ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. చలువయ్యకు తెలుసు. తెలిసీ ఏం చేయాలో తోచక కెమెరా తగిలించుకుని బయటికి పోయేవాడు.

నాలుగేళ్ల కిందటి వేసవిలో పుట్టతాయమ్మ పెరటి చెట్టు మీదనుంచి గాలికి ఒక గూడబాతు పిల్ల పడింది. పుట్టతాయమ్మ అంటే ఊళ్లో అన్నిటికన్నా పెద్ద చింతచెట్టూ, దానికి తగ్గ నోరూ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి. పడడం పడడం కంప మీద పడి, ఆ పిల్లకు ముక్కు కింది సంచి చీరుకుపోయింది. పెట్టిన చేప పెట్టినట్టే చీలికలోంచి జారిపోతోంది. పశువుల డాక్టరు ఊళ్లో లేడు. సాకమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. సూదీ దారం మరిగించి, మొగుణ్ణి ముక్కు పట్టుకోమని, తొమ్మిది కుట్లు వేసింది. ఆమె చేతికి అలవాటైంది రవికె అంచుకు వేసే ఏటవాలు కుట్టు, అదే వేసింది. చలువయ్య కళ్లు మూసుకున్నాడు. పిల్ల మూసుకోలేదు.

అది బతికింది. గౌరి అని పేరు పెట్టారు. మిషను కింద, తొక్కుడు పలక పక్కన పడుకునేది. రెండున్నర నెలలపాటు చెరువు చేపలు మింగి, ఇల్లంతా రెట్ట చేసి, ఎవరివో మూడు రవికెలు నమిలి, ఆషాఢంలో ఒక పొద్దున కప్పు మీదనుంచి ఎగిరిపోయింది. "చేతి తిండి మరిగిన పిట్ట, బయట వారం బతకదు" అన్నారు ఊళ్లోవాళ్లు. సాకమ్మ పట్టించుకోలేదు. కూతురు కాపురానికి వెళ్లింది, పురిటికి వస్తుంది అంది.

ఈ ఏడు శివరాత్రి మర్నాడు ఆమె వాకిట్లో కూర్చుని గుండీలు కుడుతుంటే, ఒక గూడబాతు ఇంటి మీద మూడు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో మునగచెట్టు ఎత్తుకు దిగి, నోరు తెరిచి మూసి, పోయి పుట్టతాయమ్మ చింతచెట్టు మీద వాలింది. సాకమ్మ సూదీ రవికే అక్కడే పడేసి లేచింది.

"ఏమయ్యో! గౌరి వచ్చింది! సంచి మీద ఎడమపక్క గీత చూశాను!"

"ఎగిరే పిట్ట సంచి మీద గీత కనబడిందా నీకు?" అన్నాడు చలువయ్య. "సూదిలో దారం ఎక్కించడానికి నన్ను పిలుస్తావు కదే."

"దారం కనబడదు. నా కుట్టు కనబడుతుంది. లే, పద!"

పుట్టతాయమ్మ గేటు దగ్గరే ఆపేసింది.

"నా చెట్టు మీద దిగిన పిల్ల నీ కూతురెట్లా అవుతుందే?"

"నేను పెంచానత్తా."

"ఆహా! నా పెరట్లో పడ్డ పిల్లను చెప్పా పెట్టకుండా ఎత్తుకుపోయావు. పోనీ పెద్దయ్యాక ఇదిగో అత్తా అని తెచ్చి ఒక్కసారి చూపించావా? ఇప్పుడు నా ఇంటికి పురిటికొచ్చిన పిల్ల కూడా నీదేనా?"

నాలుగేళ్లుగా ఆమె కడుపులో ఆ కోపం ఉందని మొగుడూ పెళ్లాలకు అప్పటిదాకా తెలియదు.

"కుట్లు ఉన్నాయత్తా. తొమ్మిది."

"ఉంటే మీ ఆయన్ని ఫోటో తీసి తెమ్మను. పెద్ద ఫోటోలాయన కదా! తొమ్మిదికి తొమ్మిదీ కనబడాలి. అప్పుడు తొట్టెల నువ్వే కట్టు, నేనే పీట వేసి కూర్చోబెడతా. అంతదాకా ఈ గేటు దాటావంటే చూడు."

భరణి కార్తె గాలివానలు దిగకముందు వచ్చే శుక్రవారం కొప్పల్లో చెట్టున్న ప్రతి ఇంటా తొట్టెల కడతారు. చెట్టు కింది కొమ్మకు జానెడు బట్ట తొట్టెల వేలాడదీసి, పసుపు రాసి, కూతుళ్లకు చేపలు పెడతారు. కట్టవలసింది ఆ ఇంటి తల్లి. సాకమ్మ ఊరందరికీ తొట్టెల బట్టలు కుట్టి ఇచ్చింది గాని, తను ఏనాడూ కట్టింది లేదు. ఆ సాయంత్రమే పెట్టె తీసి, తన పెళ్లినాటి ఎర్ర పట్టు రవికె కుట్లు విప్పి, తొట్టెల బట్టకు కత్తిరించడం మొదలుపెట్టింది. కత్తెర చప్పుడు విన్నాక చలువయ్యకు ఇక వెనక్కి పోయే దారి లేకపోయింది.

అక్కడినుంచి ఆయన వేసవి మొత్తం గౌరి వాలిన కొమ్మ మీది ఆ ఒక్క గూటికే అంకితమైంది. పెరటి అవతల తూర్పు సందులో నిలబడి, సూర్యుణ్ణి వీపు మీద వేసుకుని, స్టూడియోలో మాదిరే ముఖం మీద నిండుగా వెలుతురు పడేలా వందల ఫోటోలు తీశాడు. ఒకటి ముక్కున పుల్ల కరుచుకుని దిగుతుంటే తీశాడు, ఇంకొకటి ఆ పుల్ల అందుకుని గూట్లో సర్దుతుంటే తీశాడు. మెడలు రాసుకుంటుంటే తీశాడు. ఎంత బాగా వచ్చాయంటే, చూసుకుని తనే ఈల వేశాడు. కుట్లు మాత్రం ఒక్కదాంట్లోనూ లేవు. సంచి ముడుచుకుని ఉంటే ముడతలు తప్ప ఏమీ తెలియదు. పైగా రెండూ వంతులేసుకుని పొదుగుతున్నాయి. అందులో గౌరి ఏదో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ఉగాది వెళ్లిన వారం పది రోజులకు గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చింది. చలువయ్య ఉత్సాహంగా లెన్సు ఎత్తేసరికి పుట్టతాయమ్మ చీపురు పుచ్చుకుని సందులోకి వచ్చింది.

"పురిటి మంచం ముందర కెమెరా ఏందయ్యా? పదకొండు రోజులు దాటాలి. నీ దిష్టి తగిలి బిడ్డకేమన్నా అయిందో, నీ స్టూడియో బోర్డు పొయ్యిలో పెడతా!"

చలువయ్య లెన్సుకు మూత పెట్టేశాడు. చీపురుకు భయపడి కాదు. ఆయనా కొప్పల్లో పుట్టినవాడే, పచ్చి బాలింతను ఫోటో తీసే బుద్ధి ఆయనకూ లేదు. పదకొండు రోజులు తూనీగల వెంట తిరిగి కాలక్షేపం చేశాడు. పన్నెండో రోజు తెల్లారేసరికి మళ్లీ సందులో ఉన్నాడు. పిల్ల కోడిపెట్టంత అయింది, తల్లి నోట్లో తల దూర్చి తింటోంది, సంచి సాగుతోంది. ఫోటోలో మాత్రం అది సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా మెరిసిపోయి కూర్చుంది.

శుక్రవారం ఇంకా ఆరు రోజులే ఉంది. మధ్యాహ్నం రాగి ముద్ద ముందు కూర్చుని, "నా వల్ల కాదు సాకమ్మా" అన్నాడు. సాకమ్మ ఎవరిదో పాత రవికెను కిటికీకి ఎదురు పట్టి చూస్తోంది. చూస్తూ చూస్తూ వెనక్కి తిరిగింది.

"నువ్వు వెలుతురు ఏపక్క పెట్టి తీస్తున్నావు?"

"ముఖం మీద. ఇంకేపక్క పెడతారు?"

"చిరుగు యాడుందో తెలియాలంటే బట్టను వెలుతురికి ఎదురు పట్టాలయ్యా. అతుకు, కుట్టు, పిగులు అన్నీ అప్పుడే బయటపడతాయి. ఇదిగో చూడు."

చలువయ్య నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ముప్పై ఏళ్లలో ఆయన ఎవర్నీ వెలుతురు వెనక పెట్టి తీయలేదు. తీస్తే ముఖం నల్లబడుతుంది, ఆఫీసువాళ్లు తిప్పి పంపుతారు. ముద్ద మింగి, "ఈ మాట నెల కిందట చెప్పొచ్చు కదే!" అని అరిచాడు.

"నువ్వు అడిగితే కదా. పెద్ద ఫోటోలాయనవి."

వెలుతురు అవతలనుంచి రావాలంటే తను పడమటి పక్కన ఉండాలి. చింతచెట్టుకు పడమట, ఆ గూటితో సమానమైన ఎత్తులో ఉన్నది ఊరి నీళ్ల ట్యాంకు ఒక్కటే. దాని తాళం వాటర్‌మ్యాన్ బోరేగౌడ మొలతాడుకు ఉంటుంది. బోరేగౌడ ముక్కు చివర శనగగింజంత మచ్చ ఉంది.

"ఎక్కనిస్తా అన్నా. మరి నాదొక మంచి ఫోటో తీసిపెట్టాలి, మచ్చ లేకుండా."

"మచ్చ తీయను."

"అయితే నిచ్చెన ఎక్కనియ్యను."

చలువయ్య కాసేపు నేల చూశాడు, కాసేపు ట్యాంకు చూశాడు. "మచ్చ తీయను. కానీ నవ్వుతా ఉంటే తీస్తా. ఇంతవరకూ ఎవరికీ తీయలేదు."

బోరేగౌడ ముఖం చేటంత అయింది. తాళం ఇచ్చేశాడు.

సోమవారం చలువయ్య ఇనుప నిచ్చెన ఎక్కి, ట్యాంకు పిట్టగోడ మీద మోచేతులు ఆనించుకుని కూర్చున్నాడు. అబ్బ! ఎన్నేళ్లుగా కింద నుంచి పొట్టలే చూశాడో అప్పుడు తెలిసింది. గూళ్లన్నీ కళ్ల ముందు పరిచినట్టున్నాయి, పిల్లలన్నీ ఒక్కసారి మెడలు సాచి అరుస్తుంటే సంతరోజు బస్టాండు గుర్తొచ్చింది. ఆ సంబరంలో పక్క గూళ్లవి నూట యాభై తీశాడు. తన గూటి పక్షి వచ్చి, వీపు ఇటు తిప్పి, పిల్లకు మేపి పోయింది. మంగళవారం మేపే వేళకు గద్ద తిరిగి అంతా చెదిరిపోయారు. బుధవారం పక్షి సరిగ్గా ఎదురుగా నిలబడింది, వెలుతురు సరిగ్గా వెనక ఉంది, కెమెరా నొక్కితే పలకలేదు. బ్యాటరీ ఇంట్లో చార్జింగులో ఉంది. ఆయన తన తలను తనే ట్యాంకుకేసి కొట్టుకున్నాడని బోరేగౌడ తర్వాత ఊరంతా చెప్పాడు.

గురువారం తెల్లారేసరికి తూర్పున మబ్బు పట్టింది. భరణి గాలి వాసన వచ్చేసింది. రెండు బ్యాటరీలు జేబులో వేసుకుని చలువయ్య బయల్దేరుతుంటే సాకమ్మ కూడా చెప్పులు వేసుకుంది.

"నువ్వెక్కడికి? అటక ఎక్కితే కళ్లు తిరుగుతాయి నీకు."

"కళ్లు మూసుకుని ఎక్కుతా. నడు."

నిజంగానే మూసుకుని ఎక్కింది. పైకి వచ్చి, పిట్టగోడకు వీపు ఆనించి కూలబడి, రెండు చేతులతో మొగుడి బెల్టు పట్టుకుంది. పొద్దు ఎక్కుతోంది గాని మబ్బు కదలడం లేదు. ఏడైంది, ఏడున్నర అయింది. చెరువు వైపునుంచి ఒక్కొక్కటే వచ్చి గూళ్లలో దిగుతున్నాయి.

"వచ్చిందా?"

"ఇంకా లేదు."

"ఇప్పుడో?"

"సాకమ్మా, నా ప్యాంటు ఊడేట్టుంది, కాస్త వదులు."

అప్పుడు వచ్చింది. రెక్కలు కదపకుండా వంపు తిరిగి, కాళ్లు ముందుకు చాచి, కొమ్మ ఊగిపోయేట్టు దిగింది. గూట్లో ఉన్న పక్షి పక్కకు జరిగింది. పిల్ల ఎగిరి మీద పడింది, సంచిలో తల దూర్చింది, మెడ దూర్చింది, ఇంకాస్త ఉంటే కాళ్లతో సహా దూరేటట్టుంది. సంచి సాగుతోంది గాని వెలుతురు లేదు. చలువయ్య ఊరి దేవతలందరినీ పేరు పేరునా తిట్టడం మొదలుపెట్టాడు. మూడో పేరు దగ్గర మబ్బు విడింది.

ఎండ వచ్చి చెట్టు మీద పడింది. పిల్ల తిని తల బయటికి లాగింది. పెద్దది, తిండి పెట్టి అలిసిపోయిన ఏ మనిషైనా చేసే పనే చేసింది. తల వెనక్కి వాల్చి, ముక్కు ఆకాశానికెత్తి, బారుగా ఆవులించింది. సంచి తీగ మీద ఆరేసిన తడి బట్టలాగా బిగుసుకుంది. వెనకనుంచి ఎండ దానిలోంచి దూసుకొచ్చి, నరం నరం ఎర్రగా వెలిగింది. ఎడమపక్క, అంచుకు బెత్తెడు లోపల, ఏటవాలు గీతలు ఒకదాని పక్కన ఒకటి.

"కదలొద్దు!" అన్నాడు చలువయ్య. నొక్కాడు, నొక్కాడు, నొక్కుతూనే ఉన్నాడు.

అది ముక్కు మూసింది. చలువయ్య కెమెరా వెనక అద్దంలో ఫోటో పెద్దది చేసి పెళ్లాం ముందు పెట్టాడు. సాకమ్మ కళ్లు తెరిచి, గోటితో లెక్కపెట్టింది. ఏడు దాకా గబగబా వెళ్లి, ఆగింది.

"ఎనిమిదోది పక్కకు పోయింది. చూశావా? అప్పుడే నువ్వు ముక్కు వదిలేశావు!"

"వదల్లేదే! జారింది!"

"తొమ్మిది! తొమ్మిదయ్యా! నా బిడ్డ!"

ఎత్తంటే భయపడే మనిషి ట్యాంకు మీద లేచి నిలబడి గంతేసింది. ఇద్దరూ భుజాలు పట్టుకుని తిరిగారు. కిందనుంచి బోరేగౌడ, "ట్యాంకు కూల్చి నా ఉద్యోగం తీస్తారా, దిగండి!" అని గోల పెట్టాడు.

చలువయ్య ఆ ఫోటో పెద్దది చేసి తీసుకురావడానికి సైకిలు మీద ఎగురుకుంటూ స్టూడియోకి వెళ్లాడు. కుట్లు ఎక్కడున్నాయో ఇప్పుడు తెలుసు కాబట్టి, పాత ఫోటోల్లో గౌరిని వెతుకుదామని ఆశపుట్టింది. శివరాత్రి వారం ఫోటోలు తెరిచాడు. దొరికింది. సంచి ముడుచుకున్నా, చూసే చోట చూస్తే సన్నటి తెల్లగీత ఉంది. ఇంకొకదాంట్లోనూ ఉంది. ఇంకొకదాంట్లోనూ. నాలుగో ఫోటో దగ్గర ఆయన నవ్వు ఆగిపోయింది.

గీత ఉన్న పక్షి ముక్కున పుల్ల ఉంది. అన్నిటిలోనూ పుల్ల మోస్తున్నది అదే, అందుకుని సర్దుతున్నది ఇంకొకటి. పుల్ల తెచ్చేది మొగుడు, గూడు సర్దేది పెళ్లాం. కొప్పల్లో అది తెలియని మనిషి లేడు. పురిటికి రావడమంటే కూతురు రావడమే కనుక, వచ్చినది మగపక్షి అయి ఉంటుందని మొగుడూ పెళ్లాలకే కాదు, పుట్టతాయమ్మకు కూడా తట్టలేదు.

గౌరి కూతురు కాదు, కొడుకు. కొడుకు పుట్టింటికి పురిటికి రాడు. కోడలు తన పుట్టింట్లో పురుడు పోసుకుంటుంది, తొట్టెల ఆమె తల్లి కడుతుంది. కుట్ల ఫోటో ఒక్కటి తీసుకెళ్తే చాలు, పుల్ల ఫోటో అడిగేవాళ్లు ఎవరూ లేరు. రేపు సాకమ్మ తొట్టెల కడుతుంది. ఎర్ర పట్టు బట్ట నిన్ననే అంచు కూడా కుట్టి మడత పెట్టింది. ఆయన స్టూలు మీద, మనుషుల్ని కూర్చోబెట్టే ఆ స్టూలు మీదే, చాలాసేపు కూర్చున్నాడు. మచ్చ చెరపమని ఏడ్చిన పిల్లల ముఖాలన్నీ గుర్తొచ్చాయి. చివరికి రెండు ఫోటోలూ తీసి కవరులో పెట్టాడు.

ఇంట్లో సాకమ్మ రెండోది చూసి పుల్ల మీద వేలు పెట్టింది. తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మగపిల్లాడా? రెండున్నర నెలలు రోజూ వాడి తలకి కనకాంబరాలు చుట్టానయ్యా!"

నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు నవ్వు ఆగాక కూడా ఆగలేదు. మడత పెట్టిన ఎర్ర బట్ట మీద చేయి వేసి, "అయితే తొట్టెల నేను కట్టకూడదు" అంది.

"పుల్ల ఫోటో చూపించకుండా..."

"ఛీ. నా కొడుకును ఆడపిల్లని చేసి చూపించనా? రెండూ తీసుకురా. బట్ట ఆమెకే ఇచ్చి వచ్చేద్దాం. వాడు బతికున్నాడు, ఇల్లు మరిచిపోలేదు. నాకది చాలు."

చాలదని ఆమె గొంతే చెప్పింది.

శుక్రవారం పొద్దున పుట్టతాయమ్మ గేటు అవతల, వీళ్లిద్దరూ ఇవతల. ముసలావిడ కళ్లద్దాలు పెట్టుకుని కుట్లు లెక్కపెట్టింది. "తొమ్మిదే" అంది, ఇష్టం లేకపోయినా. రెండో ఫోటో అందుకుంది. దగ్గర పెట్టుకుంది, దూరం పెట్టుకుంది.

"ఇదేందే? పుల్ల మోస్తున్నాడు. వీడు మగాడు!"

"అవునత్తా. మాకూ నిన్ననే తెలిసింది. కూతురని నీతో పోట్లాడాను, తప్పు నాదే. ఈ బట్ట నువ్వే కట్టు." సాకమ్మ గేటు మీదుగా ఎర్ర బట్ట అందించింది.

పుట్టతాయమ్మ బట్ట తీసుకోలేదు. చెట్టు మీదికి చూసింది.

"మరి గూట్లో కూర్చున్నదెవరు?"

"వాడి పెళ్లాం."

"ఆ పిల్ల ఎవరి చెట్టుకు పురిటికొచ్చింది?"

"నీ చెట్టుకే."

"అంటే నా కూతురు."

"నీ కూతురే అత్తా, నేను కాదన్లేదు."

"నీ కొడుకు చేసుకున్నది నా కూతుర్ని." పుట్టతాయమ్మ నెత్తి మీద చేయి పెట్టుకుంది. "ఓసి దేవుడా! ఇంకా అత్తా అత్తా అంటావేందే? వియ్యపురాల్ని పట్టుకుని రెండు నెలలుగా గేటు బయట నిలబెట్టానా! ఊరు నా ముఖాన ఉమ్మెయ్యదూ! ఆ బట్ట నాకిస్తావేం? తొట్టెల కట్టేది నేనే, కానీ బట్ట పట్టుకుని లోపలికి రావలసింది బిడ్డ నాయనమ్మ. రా వదినా, రా! కాళ్లకు నీళ్లు తెస్తానుండు. అన్నయ్యగారూ, మీకు వేరే చెప్పాలా?"

గేటు బార్లా తెరుచుకుంది. ఆమె నిజంగానే చెంబుతో నీళ్లు తెచ్చి, సాకమ్మ వద్దు వద్దంటున్నా కాళ్ల మీద పోసింది. చెట్టు కింద పీట వేసింది. తొట్టెల ఒక కొస పుట్టతాయమ్మ కట్టింది, రెండో కొస పట్టుకోవడానికి మనిషి కావాలి కదా అని వియ్యపురాలి చేతికిచ్చింది. ఎర్ర పట్టు గాలికి ఊగింది. పైన పిల్ల గొంతు చించుకుంటోంది.

చలువయ్య కెమెరా ఎత్తాడు. పీట మీద ఆడవాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని సర్దుకుంటున్నారు.

"ఒక మాట చెప్తా ఏమీ అనుకోకు వదినా" అంది పుట్టతాయమ్మ. "మీవాడు చేపలు కాస్త తక్కువే తెస్తున్నాడు. పిల్లదానికి సరిపోవడం లేదు."

సాకమ్మ గిర్రున తిరిగింది. "మావాడికేం తక్కువ? తెల్లారకముందే లేచి చెరువుకీ చెట్టుకీ తిరిగి తిరిగి సగమైపోయాడు మావాడు! నీ కూతురే కూర్చున్న చోటినుంచి కదలదు!"

మావాడు. ఆ మాట ఆమె నోట చలువయ్య ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా వినలేదు. లెన్సులో ఉన్నట్టుండి అంతా మసకైపోయింది. తువ్వాలుతో లెన్సు తుడిచాడు, మసక పోలేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"చెవులు కనబడాలి" అన్నాడు. "గడ్డం ఒక్క వేలు కిందికి. కదలొద్దు."

నవ్వకూడదని మాత్రం అనలేదు.